త్రిభుజాలన్నీ సమతుల్యమైనా రెండు శిబిరాలు ఎందుకు ఏర్పడలేదు?

మీ నమూనాలో క, ఖ, గ, ఘ అనే నలుగురున్నారు: క–ఖ, ఖ–గ, గ–ఘ మిత్రులు, ఘ–క వైరులు. ఒకరికొకరు సంబంధమున్న ముగ్గురు ఒక త్రిభుజం; అందులో వైరాలు సున్నా గానీ రెండు గానీ ఉంటే అది సమతుల్యం. లోపల మైత్రి, ఒకదానితో మరొకదానికి వైరం ఉన్నవే రెండు శిబిరాలు. త్రిభుజాల పరీక్ష నెగ్గినా మీ నమూనా అలా రెండుగా విడిపోకపోవడానికి కారణం, కకు గతో గానీ, ఖకు ఘతో గానీ ఏ సంబంధమూ లేకపోవడమే. అసలు త్రిభుజమే లేనిచోట "ప్రతి త్రిభుజం సమతుల్యం" అనే వాక్యం దానంతటదే సత్యమవుతుంది.

చాలామంది వదిలేసే మెట్టు ఇదే: ప్రతి ఇద్దరి మధ్యా మైత్రి గానీ వైరం గానీ ఉంటే ఆ పరీక్ష ఒక్కటే చాలు. లేనప్పుడు, 1953లో గణితవేత్త ఫ్రాంక్ హరారీ నిరూపించినట్లు, ప్రతి చక్రంలోనూ (ఒకరి నుంచి బయలుదేరి సంబంధాల వెంట తిరిగి ఆ వ్యక్తి దగ్గరికే చేరే దారిలో) వైరాల సంఖ్య సరిసంఖ్య కావాలి. మీ క–ఖ–గ–ఘ చక్రంలో ఘ–క ఒక్కటే వైరం, అంటే బేసిసంఖ్య.

కాబట్టి ఇలా సరిచూడండి:

1. క ఉన్న శిబిరాన్ని ‘ప’ అనే ప్రతిపాదనతో (సత్యమో అసత్యమో కాగల వాక్యంతో) గుర్తించండి.
2. మైత్రి వెంట అదే గుర్తును కొనసాగించి, వైరం వెంట ‘ప కాదు’ అని, లేదా తిరిగి ‘ప’ అని మార్చండి.
3. ఒకే వ్యక్తికి రెండు గుర్తులూ వస్తే విభజన అసాధ్యం. మీ నమూనాలో ఘ దగ్గర సరిగ్గా అదే జరుగుతుంది.
4. సమూహం విడివిడి ముక్కలుగా ఉంటే ఒక్కొక్క ముక్కకూ మళ్లీ మొదలుపెట్టండి.

ఇక్కడ ‘ప’ సత్యమైనా అసత్యమైనా ఫలితం మారదు, రెండు శిబిరాల పేర్లు మాత్రమే తారుమారవుతాయి.