టెక్ సందేహాలు: జేబులో చెయ్యి పెట్టి పాట మార్చగలగాలి

ప్రశ్న: మా నాన్నగారికి రోజూ నడకకు వెళ్తూ పాటలు వినడం అలవాటు. ఫోన్‌లో అయితే మధ్యమధ్యలో కాల్స్, మెసేజ్‌లు వచ్చి చిరాకుగా ఉందంటున్నారు. తక్కువ ధరలో ఒక ఎంపీ3 ప్లేయర్ కొందామంటే, అన్ని డబ్బాల మీదా ఒకే రకం గొప్పలు కనిపిస్తున్నాయి. ఏం చూసి కొనాలి?

జవాబు: 2001లో మొదలైన ఐపాడ్ 2022లో ఆగిపోయింది కాబట్టి ఇక ఇలాంటివి దొరకవేమో అనుకుంటారు చాలామంది. దొరుకుతున్నాయి. కానీ డబ్బా మీది గొప్పల కంటే ముందు బటన్లు చూడండి. ఒకసారి నేను నున్నగా ఉంది కదా అని టచ్ బటన్ల ప్లేయర్ కొన్నాను. జేబులో గుడ్డ రాసుకుంటే చాలు, పాట మారిపోయేది. చూసి నొక్కుదామంటే బయటికి తీసి, స్క్రీన్ వెలిగించాలి. వారం తిరక్కుండా సొరుగులో పడేశాను. మీ నాన్నగారికి నొక్కితే టక్కుమనే బటన్లు, చొక్కాకు తగిలించుకునే క్లిప్, బటన్లు పనిచేయకుండా ఆపే ‘హోల్డ్’ మీట ఉన్నది చూడండి.

తర్వాత మెమరీ. దీని గురించి టెన్షన్ అక్కర్లేదు. 320 కేబీపీఎస్ నాణ్యత ఉన్న ఎంపీ3 నిమిషానికి సుమారు 2.4 ఎంబీ. అంటే అయిదు నిమిషాల పాట 12 ఎంబీ. 16 జీబీలో అలాంటివి 1,200 సులువుగా పడతాయి. రోజూ గంట నడిచినా మూడు నెలల దాకా విన్న పాట మళ్లీ రాదు. పాట నాణ్యత ఏమాత్రం తగ్గకుండా దాచే ఫ్లాక్ ఫైళ్లయితే ఇంతకు రెండు మూడింతలు చోటు తింటాయి. బండ్ల రొదలో, మామూలు ఇయర్‌ఫోన్స్‌తో ఆ తేడా పట్టుకోవడం కష్టం. వాటి కోసం ఎక్కువ ధర పెట్టకండి.

మెమరీ కార్డు దగ్గర మాత్రం చాలామంది బోల్తా పడతారు. 32 జీబీ వరకు కార్డులు ఫైళ్లను అమర్చే ఫ్యాట్32 అనే పద్ధతిలో, 64 జీబీ నుంచి పైవి ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ అయి వస్తాయి. చవక ప్లేయర్లలో చాలా వాటికి ఎక్స్‌ఫ్యాట్ చదవడం రాదు. పెద్ద కార్డు పెడితే ‘కార్డు లేదు’ అంటాయి. అందుకని 32 జీబీ కార్డుతో సరిపెట్టుకోండి. మరీ కారుచౌకగా దొరికిన కార్డయితే, నింపే ముందు కంప్యూటర్‌లో ‘హెచ్2టెస్ట్‌డబ్ల్యూ’ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పరీక్షించండి. నకిలీదైతే అసలు సైజెంతో బయటపడుతుంది.

బ్లూటూత్ ఉంటే మంచిదే, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. అది ఉన్నా లేకపోయినా 3.5 మి.మీ. జాక్ ఉండి తీరాలి. చార్జింగ్‌కు యూఎస్‌బీ-సి ఉంటే ఇంకో కేబుల్ వెతుక్కునే పని తప్పుతుంది. ‘ఎంపీ4 ప్లేయర్’ అన్న పేరు చూసి వీడియోలకు ఆశపడకండి. వాటిలో చాలావరకు వీడియోను ఏఎంవీ అనే ఫార్మాట్‌లోకి మార్చి ఇస్తే గానీ ఆడవు.

ప్రశ్న: స్ట్రీమింగ్ యాప్‌లో డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసుకున్న పాటలను ప్లేయర్‌లోకి కాపీ చేసుకోవచ్చా?

జవాబు: కుదరదు. ఆ ఫైళ్లకు తాళం వేసి ఉంటుంది, ఆ యాప్‌లోనే తెరుచుకుంటాయి. అవే పాటలు కావాలంటే ఆ యాప్ నడిచే ఆండ్రాయిడ్ ప్లేయర్ కొనాలి, దాని ధర ఎక్కువ. దానికంటే మూలన పడి ఉన్న పాత ఫోన్ మేలు. సిమ్ తీసేసి, పాటలు దించుకుని, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. బ్యాటరీ ఉబ్బి వెనక మూత పైకి లేచి ఉంటే మాత్రం దాని జోలికి పోవద్దు.

ప్రశ్న: ఫైళ్లకు 01, 02 అని నంబర్లు వేసినా నా ప్లేయర్ పాటలను కలగాపులగంగా వినిపిస్తోంది. షఫుల్ ఆఫ్‌లోనే ఉంది. పాడైందా?

జవాబు: పాడవలేదు. చాలా చవక ప్లేయర్లు పేరు చూడవు, ఏ ఫైల్ ముందు కార్డులోకి చేరిందో దాన్నే ముందు పాడతాయి. మొత్తం ఒకేసారి లాగి వదిలితే ఆ వరుస తారుమారు కావచ్చు. ఫోల్డర్ ఖాళీ చేసి, 01 నుంచి ఒక్కొక్కటే కాపీ చేయండి. అంత ఓపిక లేకపోతే ‘ఫ్యాట్‌సార్ట్’ లాంటి ఉచిత ప్రోగ్రామ్ కార్డులోని వరుసను పేర్ల ప్రకారం సర్దేస్తుంది. కొత్త పాటలు వేసిన ప్రతిసారీ దాన్ని మళ్లీ నడపాల్సిందే.