పిల్లికి ఫిట్స్ తగ్గాయని మాత్ర ఆపేయొచ్చా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి. మా మూడేళ్ల పిల్లికి ఫిట్స్ వస్తుంటే డాక్టరుగారు ఫినోబార్బిటాల్ మాత్రలు రాశారు. నెల నుంచి ఫిట్స్ లేవు, ఇక ఆపేయొచ్చా? మళ్లీ వస్తే ఏం చేయాలి? నాన్నమ్మ తాళంచెవులు పెట్టమంటోంది.

జవాబు: ఆపొద్దమ్మా. ఫిట్స్ రావట్లేదంటే మందు పనిచేస్తోందని అర్థం, జబ్బు పోయిందని కాదు. ఈ మాత్ర ఉన్నట్టుండి మానేస్తే ఒకదాని వెనక ఒకటి ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకి రావచ్చు, అందుకని స్ట్రిప్పులో నాలుగు మాత్రలు ఉండగానే కొత్తది తెచ్చుకోండి, డాక్టరు చెప్పిన టైముకే వేయండి. సాధారణంగా 12 గంటలకోసారి రాస్తారు. ముల్లు తీసిన ఉడికిన చేపముక్కలో దాచి పెడితే చాలా పిల్లులు తినేస్తాయి. నోట్లో వేస్తే మాత్రం వెనకాలే సూది లేని సిరంజితో కాసిన్ని నీళ్లు పట్టండి, లేకపోతే గొంతులో అతుక్కుపోతుంది. మొదట్లో మత్తుగా తూలడం, ఆకలి పెరగడం మామూలే. మందు మొదలెట్టిన రెండు మూడు వారాలకి రక్తంలో అది ఎంత ఉందో పరీక్ష చేయించాలి, చేయించారో లేదో మీరు రాయలేదు.

మళ్లీ ఫిట్స్ వస్తే ముందు గడియారం చూడండి. దవడ కొట్టుకుంటూ, చొంగ కారుస్తూ, కాళ్లు ఈదుతున్నట్టు ఆడిస్తుంటే చూడలేం, నిజమే, కానీ ఆ సమయంలో దానికి తెలివి ఉండదు. కదలకుండా అదిమి పట్టుకోకండి. నాలుక మింగేస్తుందని నోట్లో వేలు పెట్టకండి. మంచం మీదుంటే కింద దించి, చుట్టూ గట్టి వస్తువులు తీసేసి, లైటు ఆపి, ఇంకొకరితో ఫోన్‌లో వీడియో తీయించండి, డాక్టరుకి అది వంద మాటల పెట్టు. 5 నిమిషాలు దాటినా, ఒకే రోజులో రెండోసారి వచ్చినా అర్ధరాత్రయినా సరే బయల్దేరాల్సిందే.

తాళంచెవుల సంగతి నాన్నమ్మగారికి నెమ్మదిగా చెప్పండి. చాలా ఫిట్స్ ఒకటి రెండు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి, అప్పుడు చేతిలో ఏది ఉంటే దానివల్లే తగ్గిందనిపిస్తుంది. ఉల్లిపాయ వాసన కూడా వద్దు, ఉల్లి కడుపులోకి పోతే పిల్లికి విషం.

మీరు అడగకపోయినా ఇది చెప్పాలి. కుక్కలకి పిడుదుల కోసం వేసే పెర్మెత్రిన్ మందు పిల్లికి ఎప్పుడూ రాయకండి, దానివల్లే ఫిట్స్ వచ్చి చనిపోయే పిల్లులున్నాయి. మనుషుల పారాసిటమాల్ కూడా అంతే, అర మాత్ర చాలు ప్రాణం తీయడానికి. ఒకవేళ ఫిట్స్‌లో అది మిమ్మల్ని కరిస్తే పావుగంట సబ్బుతో కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రిలో రేబిస్ టీకా మొదలుపెట్టండి, ఇంటి పిల్లే కదా అనుకోవద్దు.

గరివిడి వెటర్నరీ కాలేజీ మీకు పక్కనే. ఈ వారంలోనే మాత్రల చీటీ, ఫిట్స్ వచ్చిన తేదీలు రాసిన కాగితం పట్టుకుని అక్కడ చూపించి, మందు మోతాదుతో పాటు లివర్, షుగర్ పరీక్షల గురించి కూడా అడగండి.