కొరియన్ నేర్చుకోమంటారా?

ప్రశ్న: మాది హిందూపురం దగ్గర పల్లె సార్. మెకానికల్ డిప్లొమా చేసి, పెనుకొండ దగ్గర కియాకు విడిభాగాలు సప్లై చేసే ఒక కంపెనీలో క్వాలిటీలో పనిచేస్తున్నాను. మా పైవాళ్లు కొరియావాళ్లు. మీటింగుల్లో ఇంటర్‌ప్రెటర్ ఉంటాడు, ఆయన సెలవు పెడితే ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ పెట్టుకుని నెట్టుకొస్తాం. కొరియన్ నేర్చుకుంటే లాభం ఉందా, లేక ఆ టైమ్‌లో ఇంగ్లిషే బాగు చేసుకోనా? ఇంట్లోవాళ్లు పెళ్లీడుకొచ్చాక ఈ చదువులేంటి అంటున్నారు.

జవాబు: నేర్చుకోండి. ఇంగ్లిష్‌ను వదలమనడం లేదు, కానీ మీ చుట్టుపక్కల ఇంగ్లిష్ వచ్చిన డిప్లొమా, బీటెక్ కుర్రాళ్లు కావలసినంతమంది ఉన్నారు, కొరియన్ మాట్లాడగల క్వాలిటీ మనిషి మాత్రం వెతికినా దొరకడు. ఎర్రమంచిలోని కియా ప్లాంటు ఏడాదికి 3 లక్షల కార్లు తయారు చేసేలా కట్టింది, 2019లో అక్కడ ఉత్పత్తి మొదలైంది, దాని వెనకే కొరియా సప్లయర్లూ వచ్చారు. అంటే మీ ఊరికి దగ్గర్లోనే మీ పనికి సరిపోయే భాష ఒకటి ఉంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండి కొరియన్ నేర్చుకునేవాళ్లకు అది వాడుకునే చోటు వెతుక్కోవాలి, మీకు ఆ బాధ లేదు.

ఇంటర్‌ప్రెటర్ ఉన్నాడు కదా అనుకోకండి. ఆయనకు భాష వచ్చు, వెల్డింగ్‌లో లోపం ఎందుకొచ్చిందో తెలియదు. మీకు తెలుసు. ఒక పార్ట్ రిజెక్టయి లైను ఆగిపోయినప్పుడు, కొరియా మేనేజర్ పక్కన నిలబడి ఫలానా చోట కొలత తప్పింది, డై అరిగింది అని నేరుగా చెప్పగలిగిన మనిషినే ఆ తర్వాతి మీటింగుకు కూడా పిలుస్తారు. ఫోన్ ట్రాన్స్‌లేటర్ మెయిల్ చదవడానికి బాగా పనికొస్తుంది, ఆ చప్పుడులో, ఆ తొందరలో దాన్ని నమ్ముకోలేం.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు, తెలుగువాళ్లకు కొరియన్ వాక్యం పెద్దగా కొత్తగా ఉండదు. మనలాగే కర్త, కర్మ, చివర క్రియ. విభక్తులు మనలాగే పదం వెనక అతుక్కుంటాయి, ఎదుటివాళ్ల వయసు, హోదా బట్టి క్రియ చివర మారుతుంది, చెప్పు అనడానికీ చెప్పండి అనడానికీ తేడా పుట్టినప్పటినుంచీ వాడే మనకు అది అర్థం కావడానికి ఎంతసేపు? లిపి 1446లో సేజోంగ్ రాజు ప్రజల కోసం ప్రకటించినది, మూల అక్షరాలు 24 మాత్రమే, వాటిని కలిపి ఒక్కో అక్షరంగా గుదిగుచ్చి రాస్తారు. ఒకటి రెండు వారాల్లో చదవడం వచ్చేస్తుంది. కష్టమల్లా పదజాలం దగ్గర, ఒత్తి పలికే కొన్ని హల్లుల దగ్గర. అంకెలు కూడా రెండు రకాలున్నాయి, తేదీలకూ డబ్బుకూ మిల్లీమీటర్లకూ వాడే చైనా మూలం అంకెలు ముందు పట్టండి, మీ ఉద్యోగంలో రోజూ కావలసినవి అవే.

కొరియన్ ఎంత వచ్చో తేల్చే పరీక్ష పేరు టోపిక్, ఆరు లెవల్స్. మొదటి రెండింటికి వినడం, చదవడం చాలు, మూడు నుంచి రాయడం కూడా ఉంటుంది. స్కోరు రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి సరదాకి రాసి డబ్బు పాడు చేసుకోకండి, మూడో లెవల్ వస్తుందన్న ధైర్యం వచ్చాక రాయండి. కొరియా ప్రభుత్వం తరఫున భాష నేర్పే కింగ్ సేజోంగ్ ఇన్‌స్టిట్యూట్ పాఠాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి, షిఫ్టు డ్యూటీవాళ్లకు అంతకన్నా అనువైనది లేదు. పెళ్లి పెళ్లే, చదువు చదువే, అడ్డం ఏముంది? ఇంట్లో మెల్లగా చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చేసి కరీంనగర్‌లో ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తోంది. మూడు నెలల్లో జర్మన్ నేర్పించి జర్మనీ పంపేస్తామని ఒక ఏజెన్సీ 4 లక్షలు అడుగుతోంది. కట్టమంటారా అండీ?

జవాబు: వద్దమ్మా, ఇప్పుడే కట్టకండి. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా బీ2 స్థాయి జర్మన్ అడుగుతారు (ఏ1 నుంచి సీ2 దాకా ఉన్న ఆరు మెట్లలో అది నాలుగోది, బీ1 దానికి ముందుది), కొన్ని ఆసుపత్రులు బీ1తో తీసుకెళ్లి మిగతాది అక్కడ చదివిస్తాయి. సున్నా నుంచి బీ2కి 45 నిమిషాల క్లాసులు 600 నుంచి 800 దాకా కావాలని జర్మన్ నేర్పే జర్మనీ సంస్థ గోథే ఇన్‌స్టిట్యూటే చెబుతుంది. రోజుకు నాలుగు క్లాసులు, వారానికి ఆరు రోజులు లెక్కేసుకున్నా ఆరు నుంచి ఎనిమిది నెలలు, ఇంట్లో చదివేది వేరు. డ్యూటీ చేస్తూ అంటే ఏడాది దాటుతుంది. మూడు నెలల మాట చెప్పేవాళ్లకు భాష గురించి తెలియదు, లేదా తెలిసే చెబుతున్నారు, ఏదైనా మీకు నష్టమే. రోగి నొప్పి ఎక్కడో చెబుతుంటే అర్థం కాని నర్సుకు అక్కడ బతుకు నరకం, రోగికీ ప్రమాదం.

తెలంగాణ ప్రభుత్వానికే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, నర్సులకు జర్మన్ నేర్పించి పంపుతోంది, ముందు అక్కడ అడగండి. ప్రైవేటు ఏజెన్సీ అయితే విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టరై ఉందో లేదో చూడండి. రిజిస్టరైన ఏజెంటు సర్వీస్ చార్జీ కింద 30 వేల రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. కోర్సు ఫీజు అంటే అది ఎంతో విడిగా కాగితం మీద రాయించుకోండి. ఈలోగా అమ్మాయిని మొదటి మెట్టు ఏ1 క్లాసులో చేర్చండి, ఆ భాష ఆమెకు నచ్చుతుందో లేదో రెండు నెలల్లో ఆమే చెబుతుంది.