పస్కా విందు వండబోతున్న వసుధకు పెద్దమ్మ రాసిన ఉత్తరం

చి. సౌ. వసుధకు,

పెద్దమ్మ ఆశీస్సులు. ఈసారి యూదుల పస్కా పండుగ మొదటి రాత్రి విందు, అంటే సేడర్, మీ ఇంట్లోనే జరగబోతోందని, మీ మామగారి షుగరునూ బీపీనీ దృష్టిలో పెట్టుకుని వంటంతా ఆరోగ్యకరంగా చేయాలని నువ్వు పట్టుబట్టి కూర్చున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. విన్నప్పటి నుంచి నాకు ఒక పక్క గర్వంగానూ మరో పక్క గుబులుగానూ ఉంది. అత్తవారింటి పెద్ద పండుగను అడగకుండానే నెత్తికెత్తుకున్నందుకు గర్వం. ఇక్కడ క్లీవ్‌లాండ్‌లో యూదు వృద్ధుల ఆశ్రమంలో, వాళ్ళ ఆహార నియమాలు పాటించే కోషర్ వంటశాలలో డైటీషియన్‌గా పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి, ఆ రాత్రి ఏయే చోట పొరపాటు జరుగుతుందో నాకు తెలుసు. గుబులంతా అందుకే.

నీకు తెలిసిన సంగతులు ఒక్కో మాటలో చెప్పి వదిలేస్తాను. మాంసం వడ్డించే విందులో నెయ్యి, పెరుగు, వెన్న, పాలు ఏ రూపంలోనూ ఉండకూడదు. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్ ధాన్యాలతో చేసినదేదీ, ఒక్క మాట్జా, అంటే పులియని రొట్టె, తప్ప, పండుగ జరిగే ఎనిమిది రోజులూ తినకూడదు. పొట్లాల మీద పస్కాకు పనికివస్తుందన్న ముద్ర చూసుకుని కొను. చేపను మాంసంతో కలిపి ఒకే పళ్ళెంలో పెట్టకు. నీకు తట్టకపోవచ్చని ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: మన దుకాణాల్లో దొరికే ఇంగువ పొడిలో సాధారణంగా గోధుమ పిండి కలుస్తుంది, కాబట్టి ఆ డబ్బాను పండుగకు ముందే ఇంట్లోంచి పంపించెయ్యి. ఆవాలు కూడా వద్దు. తూర్పు ఐరోపా మూలాలున్న అష్కెనాజీ కుటుంబాలు ఈ పండుగలో బియ్యం, పప్పులు, ఆవాలు, నువ్వులు తినవు. స్పెయిను మూలాలున్న సెఫార్డీ కుటుంబాలు చాలావరకు బియ్యం, పప్పులు తింటాయి. అమెరికాలోని కన్సర్వేటివ్ శాఖ యూదు మతగురువులు, అంటే రబ్బీలు, 2015లో వీటిని అందరూ తినవచ్చని తీర్మానించినా, పాత ఆచారం వదలని ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అల్లుడు ఫరవాలేదన్నాడని మొదలుపెట్టకు, మీ అత్తగారినే అడుగు. వంటింటి ఆచారాలు మగవాళ్ళకు సగమే తెలుస్తాయి, మన ఇళ్ళలో మాత్రం వేరుగా ఉందా?

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణమైన సంగతికి వస్తాను. నువ్వు కొవ్వు లేని మాట్జా బంతులు, తేనె లేని క్యారెట్లు, బ్రిస్కెట్ (ఎద్దు రొమ్ము మాంసం) బదులు తోలు తీసిన కోడి రొమ్ము ముక్కలు పెట్టాలని జాబితా రాసుకున్నావట. సరిగ్గా ఇదే జాబితాను మా ఆశ్రమంలో ఒక ఏడాది కొత్తగా వచ్చిన వంటశాల మేనేజరు తయారు చేశాడు. చదువుకున్నవాడు, మంచి మనసున్నవాడు, ముసలివాళ్ళ ఆరోగ్యం బాగుపడాలని నిజంగా తపన పడ్డవాడు. మాట్జా బంతులను గుడ్డు తెల్లసొనతో, చుక్క కొవ్వు వేయకుండా చేయించాడు. సూపుకు ఉప్పు తక్కువున్న డబ్బా రసం తెప్పించాడు. ఆపిల్, అక్రోటు, దాల్చినచెక్క, తీపి వైను కలిపి చేసే హరోసెట్‌లో అక్రోటూ వైనూ మానేసి ఉత్త ఆపిల్ తరుగు మిగిల్చాడు. కాగితం మీద చూస్తే కొవ్వు, ఉప్పు, చక్కెర అన్నీ గళ్ళలో చక్కగా ఒదిగాయి, పై అధికారులు మెచ్చుకున్నారు కూడా.

ఆ సాయంత్రం భోజనాల గదిలో నేను బల్లల మధ్య తిరుగుతున్నాను. పోలండు నుంచి చిన్నతనంలోనే వచ్చేసిన ఒక అవ్వ సూపులోని బంతిని చెంచాతో నొక్కింది. అది చెంచా కింద తెగకుండా జారి గిన్నె అంచుకు కొట్టుకుంది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ జారింది. చెంచా పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుని, "ఈ ఇంట్లో ఎవరైనా పోయారా అమ్మా?" అని అడిగింది. వేళాకోళం కాదు, నిజంగానే అడిగింది. సగానికి సగం పళ్ళేలు ముట్టినట్టే లేకుండా వెనక్కి వచ్చాయి. తరువాత ఏమైందో విను. కుటుంబాలవాళ్ళు పండుగ కానుకలుగా తెచ్చిన కొబ్బరి మాకరూన్ల డబ్బాలు, చక్కెర అద్దిన జెల్లీ ముక్కలు, చాక్లెట్లు రాత్రి పొద్దుపోయాక గదుల్లో ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. మర్నాడు పొద్దున నర్సుల పుస్తకంలో షుగరు అంకెలు చూసి మేనేజరు ముఖం వాడిపోయింది. ఆ ముసలివాళ్ళు తిండికి కక్కుర్తి పడేవాళ్ళు కారు. ఏడాది పొడుగునా ఎదురుచూసిన రుచి పళ్ళెంలో దొరకలేదు కాబట్టి ఆ వెలితిని మిఠాయితో పూడ్చుకున్నారు, అంతే. మరుసటి ఏడు అదే మేనేజరు పాత వంటలన్నీ తిరిగి తెచ్చి, వండే తీరు మార్చాడు. పళ్ళేలు ఖాళీ అయ్యాయి, డబ్బాలు చాలావరకు మూసే ఉన్నాయి.

కాబట్టి సూపు, మాట్జా బంతులు, బ్రిస్కెట్, హరోసెట్, ఈ నాలుగింటి జోలికి వెళ్ళకు. వాటిని వండే పద్ధతినీ వాటి పక్కన పెట్టేవాటినీ మార్చు. కోడి సూపును ముందు రోజే పెద్ద గిన్నెలో ఉల్లి, క్యారెట్, సెలరీ, సోంపు వాసన వచ్చే డిల్ ఆకు వేసి కాచి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టు. పొద్దునకు కొవ్వు పసుపుపచ్చని పలకలా పైకి తేలి గడ్డకడుతుంది, దాన్ని చెంచాతో అంచు నుంచి లేపి తీసెయ్యి. అందులోంచి రెండు పెద్ద చెంచాలు మాత్రం దాచు. నాలుగు గుడ్లకు, పచ్చసొన తీయకుండా, ఒక కప్పు మాట్జా పిండి, దాచిన ఆ కొవ్వు, పావు కప్పు సోడా నీళ్ళు కలిపి గంటసేపు చల్లగా ఉంచితే, మామూలుగా పావు కప్పు కొవ్వుతో చేసే బంతులకు ఏమాత్రం తీసిపోవు. చేతులు తడి చేసుకుని చిన్న నిమ్మకాయంత ఉండలు చుట్టు, అవి ఉడికేటప్పుడు రెట్టింపు అవుతాయి. అరగంటకు పైగా మూత పెట్టి ఉడికించు, మధ్యలో మూత తీసి తొంగిచూడకు. నీకు చిన్నప్పటి నుంచి ఆ అలవాటు ఉంది, ఇడ్లీ పాత్ర దగ్గర మీ అమ్మ చేత ఎన్ని చీవాట్లు తిన్నావో!

బ్రిస్కెట్ వండడానికి నీకు చెయ్యి రాదని నాకు తెలుసు. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు, మీ అత్తగారిని వండి తెమ్మని అడుగు, ఆవిడ సంతోషిస్తుంది. నేను ఆ మాంసం ఏనాడూ తినలేదు గాని, దాని మీద గడ్డకట్టిన కొవ్వును చాలా ఏళ్ళు దగ్గరుండి తీయించాను. ముందు రోజు వండి, చల్లారబెట్టి, కొవ్వు తీసేసి, చల్లగా ఉన్నప్పుడే అడ్డంగా పలచగా కోసి, పులుసులో మళ్ళీ వేడి చేస్తే రుచి పెరుగుతుందే గాని తగ్గదు. ఉప్పు సంగతి మాత్రం ఆవిడతో మెల్లగా చెప్పు. కోషర్ మాంసాన్ని అరగంట నీళ్ళలో నానబెట్టి, గంటసేపు ఉప్పు పట్టించి కడిగి అమ్ముతారు కనుక కొంత ఉప్పు అందులో ముందే ఉంటుంది. దాని మీద ఉల్లి సూపు పొడి పొట్లం చించి పోస్తే మీ మామగారి రోజంతటి ఉప్పు లెక్కలో చాలా భాగం ఆ ఒక్క వంటలోనే పోతుంది. పొడి బదులు నాలుగు ఉల్లిపాయలు ఎర్రగా వేయించి వేస్తే చాలు. క్యారెట్ల తీపి కూర జిమ్మెస్‌లో తేనె పొయ్యకు, ఎండు ప్రూన్లే క్యారెట్లకు కావలసినంత తీపినిస్తాయి, మాట్జా వల్ల బిగిసే పొట్టలకూ మేలు చేస్తాయి.

ఇప్పుడు రాసేది రెండుసార్లు చదువు. ఆ రాత్రి మీ మామగారికి ప్రమాదం బ్రిస్కెట్ వల్ల కాదు, గడియారం వల్ల. ఏప్రిల్ మొదట్లో న్యూజెర్సీలో సూర్యుడు అస్తమించేసరికే ఏడు దాటుతుంది. ఆపైన ఈజిప్టు నుంచి విముక్తి కథ ఉన్న హగాదా పుస్తకం చదవాలి, అందరికన్నా చిన్నపిల్ల నాలుగు ప్రశ్నలు అడగాలి, పాటలు పాడాలి. భోజనం ముందుకు వచ్చేసరికి తొమ్మిదో, తొమ్మిదిన్నరో. ఈలోగా ఖాళీ కడుపున రెండు గిన్నెల వైను. ఆయన అలవాటు ప్రకారం ఏడింటికే భోజనపు ఇన్సులిన్ వేసుకుంటే ఏమవుతుందో ఆలోచించు. మీ పెదనాన్నగారు తణుకులో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు, ముహూర్తం అయ్యాకే పంక్తి అన్నారు. ఆయన ఇన్సులిన్ వేసుకుని కూర్చున్నారు. పంక్తి ఆలస్యమైంది. చెమటలు పట్టి, మాట తడబడి, పక్కవాళ్ళు తాగి వచ్చాడనుకుని నవ్వుకుంటుండగా కుర్చీలోంచి జారిపోయారు. పందిట్లో ఎవరో చక్కెర నీళ్ళు పట్టబట్టి బతికారు. ఆ నవ్వులు నాకు ఇంకా వినిపిస్తాయి, అందుకే సేడర్ రాత్రి ఎవరైనా వైను తాగి తూలితే ముందు షుగరు చూడమంటాను.

కాబట్టి మందు ఎప్పుడు, ఎంత వేసుకోవాలో మీ మామగారు పండుగకు ముందే తన డాక్టరును అడిగి తీరాలి. సాయంత్రం ఐదింటికి ఒక గుడ్డూ కాసిని బాదం పప్పులూ తినిపించు. ఉప్పు నీళ్ళలో ఆకుకూర ముంచుకుని తినే ఘట్టం కర్పస్ అయ్యాక, కొన్ని ఇళ్ళలో దోసకాయ, సెలరీ, ఉడికిన బంగాళాదుంప ముక్కలు బల్ల మీద ఉంచుతారు. మీ అత్తగారు ఒప్పుకుంటే నువ్వూ ఉంచు. వైను చిన్న గిన్నెల్లో పొయ్యి, తీపి లేనిది ఎంచుకో. పూర్తిగా ద్రాక్షరసమే ఇద్దామనుకుంటావేమో, 8 ఔన్సుల గ్లాసులో సుమారు 36 గ్రాముల చక్కెర ఉంటుంది. దాన్ని పిల్లలకు పెట్టి, ఒక సీసా మాత్రం ఆయనకు అందేంత దూరంలో ఉంచు, షుగరు పడిపోతే అరగ్లాసు అదే మందు. వైను వల్ల అర్ధరాత్రి దాటాక కూడా పడిపోవచ్చు గనుక పడుకునే ముందు ఒకసారి పరీక్ష చేయించు. మాట్జా ఒక్క పలకలో దాదాపు రెండు బ్రెడ్డు ముక్కలంత పిండిపదార్థం ఉంటుంది, ఆయన దాన్నీ లెక్కలో వేసుకోవాలి. రక్తం పలచబడే మందు వాడే మీ అత్తగారి అక్కకు ఆకుకూరలు రోజూ తినేంతే వడ్డించు, ఆ ఒక్క రాత్రి కొసరి కొసరి పెట్టకు.

మన వంట ఒకటి పెట్టాలని నీకు ఉంటుంది, పెట్టు. బీట్‌రూట్ తురిమి, అల్లం, పచ్చిమిర్చి, పచ్చి కొబ్బరి వేసి, పోపు లేకుండా, చెంచాడు నూనెతో మగ్గబెట్టు. మీ అత్తవారి పెద్దలు బీట్‌రూట్ అమ్మమ్మల కాలం నుంచి తిన్నవాళ్ళు, పరాయిగా చూడరు. ముద్ర లేని కొబ్బరి పొట్లం కొనకుండా కాయే కొట్టుకో. చివరికి బాదం పిండి కేకు చిన్న ముక్క, పళ్ళు చాలు. చివరగా తినే మాట్జా ముక్క, అఫికోమన్, తిన్నాక ఇంకేమీ తినరు కనుక తీపిని అంతకుముందే వడ్డించు.

కొత్త జాబితా రాసి ఈ ఆదివారం లోపల నాకు పంపు. దానితో పాటు మీ మామగారి మందుల పేర్లు, అవి వేసుకునే వేళలు ఆయన్నే అడిగి రాయించు, నువ్వు ఊహించి రాయకు. అల్లుడికి, అత్తగారికి, మామగారికి నా నమస్కారాలు చెప్పు.

మీ పెద్దమ్మ