పాల పాకెట్‌లో మీగడ ఎటు పోయింది?

ప్రశ్న: ఏళ్లుగా సహకార డెయిరీ టోన్డ్ పాలే తెప్పిస్తున్నాం. ఎంత కాచినా మీగడ కట్టదు. ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు "ఇవి పాలా, కుడితినీళ్లా" అంటున్నారు. నీళ్లు కలుపుతారా? – ఓ గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: ఆవిడ ఊళ్లో తాగినవి 6, 7 శాతం వెన్న ఉన్న గేదె పాలు. టోన్డ్ అంటే 3 శాతమే. వెన్న తీసిన పాలో, పాలపొడి, నీళ్లో కలిపి ఆ లెక్కకి దించుతారు, కాబట్టి నీళ్లు అసలు తగలవని నేను ఒట్టు వెయ్యను. కాకపోతే వెన్న కాకుండా మిగిలే ఘనపదార్థం, డెయిరీవాళ్లు ఎస్ఎన్ఎఫ్ అంటారే, అది 8.5 శాతానికి తగ్గకూడదు. ఊరికే నీళ్లు పోస్తే అది పడిపోతుంది. తీసిన మీగడ ఎక్కడికీ పోదు, వెన్నగా, నెయ్యిగా అదే డెయిరీ బూత్‌లో కనిపిస్తుంది! మీకు మీగడే కావాలంటే ఫుల్ క్రీమ్ కొనండి, అందులో వెన్న 6, ఎస్ఎన్ఎఫ్ 9. పాకెట్ మీద 'హోమోజినైజ్డ్' అని ఉంటే మాత్రం ఆశ వదులుకోండి, వెన్న రేణువుల్ని చితక్కొట్టి పాలంతా కలిపేస్తారు, పైకి తేలవు. రంగు చూసి కొనకండి, ఒక డెయిరీ నీలం ఇంకో డెయిరీ ఆకుపచ్చ అవుతుంది.

ప్రశ్న: పక్కింటివాళ్లదీ ముర్రా గేదే, మాదీ ముర్రా గేదే. పాల సేకరణ కేంద్రంలో వాళ్లకి లీటరుకి డబ్బు ఎక్కువ పడుతోంది. మోసమేనా? – ఓ పాడి రైతు, భీమదేవరపల్లి

జవాబు: మోసం అనే ముందు మీరు దూడని ఎప్పుడు వదులుతున్నారో చెప్పండి. మా అమ్మ పాలు పిండేశాక "పాపం, దూడ" అని చివర్లో వదిలేసేది, నెలల తరబడి మాకు ఫ్యాట్, అంటే వెన్న శాతం, తక్కువే వచ్చేది. మొదటి పితుకులు పల్చన, చిక్కదనమంతా చివరి పితుకుల్లోనే ఉంటుంది, అదంతా దూడ తాగేస్తోందని తెలిసేసరికి పెయ్య బాగా బలిసింది. దూడకి ఒక చన్ను వదిలేసి, మిగతా మూడూ చివరిదాకా పిండి చూడండి. దాణా, పచ్చిమేత పెంచి ఎండుగడ్డి తగ్గించినా పాలు పెరిగి వెన్న తగ్గుతుంది. కేంద్రంలో క్యాన్ కలియబెట్టి శాంపిల్ తీస్తున్నారా లేదా అన్నది కూడా దగ్గర నిలబడి చూసుకోండి, నిలవున్న పాలల్లో వెన్న పైకి తేలుతుంది, అడుగు నుంచి ముంచితే మీకు నష్టం. పది లీటర్లలో 5 శాతమంటే అరకిలో వెన్న, 7 అంటే 700 గ్రాములు. గేదె పాలకి చాలాచోట్ల డబ్బిచ్చేది ఆ వెన్న లెక్కనే. చీటీ అడిగి తీసుకోండి, రోజూ.

ప్రశ్న: విజయవాడ విజయ పాలు, హైదరాబాద్ విజయ పాలు ఒకటేనా? – ఓ విద్యార్థి, ఖమ్మం

జవాబు: పేరొక్కటే. 1981లో ఏర్పడిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పాడి సహకార సమాఖ్య నాటి పేరు అది. 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చాక, విజయవాడ విజయ పాలు అమ్మే కృష్ణా జిల్లా పాల యూనియన్ లాంటివి ఆ చట్టం కింద విడిగా నడుస్తున్నాయి. మీరు హైదరాబాద్ విజయ అంటున్నది తెలంగాణ పాడి సహకార సమాఖ్యది.

ప్రశ్న: పాకెట్ పాలు కాచకుండా తాగొచ్చా? – ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: పాశ్చురైజ్ చేసినవే, అంటే వేడిచేసి క్రిముల్ని చంపినవే, చల్లగా ఉన్నంతవరకు తాగొచ్చు. కానీ తెల్లారుజామున కొట్టు ముందు ట్రేల్లో అవి ఎంతసేపు పడున్నాయో మీకూ నాకూ తెలియదు. నేనైతే కాచుకునే తాగుతాను.