తోట అమ్మి నర్సింగ్ చదివించాలా?

అంబాజీపేట దగ్గరి కొబ్బరి రైతు ఒకరు ఇలా అడిగారు: "మా అమ్మాయికి విశాఖపట్నంలో వైద్య కోర్సులు మాత్రమే ఉన్న ఒక చిన్న విశ్వవిద్యాలయంలో బీఎస్సీ నర్సింగ్ సీటు వచ్చింది. ఏడాదికి ఫీజు 1.5 లక్షలు, హాస్టల్‌కు 90 వేలు. సుకన్య సమృద్ధి ఖాతాలో 4 లక్షలున్నాయి. అరెకరం తోట అమ్మేద్దామా?"

అమ్మవద్దనే నా సలహా. పల్లెలోని సాగుభూమి అమ్మకంపై సాధారణంగా మూలధన లాభాల పన్ను పడదన్న మాట నిజమే కానీ, దింపు దింపుకూ చేతికొచ్చే ఆదాయం ఆ అమ్మకంతో శాశ్వతంగా పోతుంది.

నాలుగేళ్ల ఫీజు 6 లక్షలకు విద్యారుణం తీసుకోండి. ప్రభుత్వ బ్యాంకులు 7.5 లక్షల వరకు సాధారణంగా ఆస్తి తాకట్టు అడగవు, చదువు ముగిశాక మరో ఏడాది వరకు వాయిదాలూ ఉండవు. అయితే ఆ వెసులుబాటు ఉచితం కాదు. వడ్డీ 10 శాతం అనుకుని, ఏటా 1.5 లక్షల చొప్పున తీసుకుంటూ ఏమీ కట్టకపోతే, వాయిదాలు మొదలయ్యేనాటికి 2.1 లక్షల వడ్డీ చేరి బాకీ 8.1 లక్షలవుతుంది, పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 10,700 కట్టాలి. తోట ఆదాయం నుంచి వడ్డీని ఎప్పటికప్పుడు చెల్లిస్తే అదే వాయిదా సుమారు 7,930కి తగ్గుతుంది. ఆ వడ్డీ మొదటి ఏడాది నెలకు 1,250, నాలుగో ఏడాది 5,000 ఉంటుంది. చివరి రెండేళ్లే కాస్త బిగువు.

అమ్మాయి పదో తరగతి పాసైనా, పద్దెనిమిదేళ్లు నిండినా, ఏది ముందైతే అప్పటినుంచి సుకన్య ఖాతాలో గత ఆర్థిక సంవత్సరాంతపు నిల్వలో సగం వరకు, ఫీజు పత్రం చూపి, ఏడాదికొకసారి చొప్పున తీసుకోవచ్చు. ఏటా 50 వేలు హాస్టల్‌కు సర్దితే మీరు చూసుకోవలసింది 40 వేలే.

ఇక విశ్వవిద్యాలయం సంగతి. చిన్నదన్నది లోపం కాదు, తరగతిలో తక్కువ మంది ఉండటం మంచిదే. కాని అన్నీ వైద్య కోర్సులే అయినచోట అమ్మాయి మనసు మారితే అక్కడే వేరే చదువుకు మారే దారి ఉండదు, కట్టిన ఫీజు నీళ్లపాలవుతుంది. కాబట్టి రక్తం, రాత్రి డ్యూటీలు తనకు సమ్మతమేనా అని ముందే తననే అడగండి. నర్సింగ్ కోర్సుకు భారత నర్సింగ్ మండలి గుర్తింపు ఉందో లేదో మండలి జాబితాలోనే చూడండి. రాష్ట్ర మండలిలో నమోదు కాకపోతే పట్టా ఉన్నా నర్సుగా పనిచేయడం కుదరదు.

అన్నిటికన్నా ముఖ్యం ఆసుపత్రి. శిక్షణలో ఒక విద్యార్థికి 3 రోగులుండాలన్నది మండలి ప్రమాణం. నగరంలో ఉన్నామని చెప్పుకునే సంస్థకు సొంత ఆసుపత్రిలో మంచాలు నిజంగా నిండుతున్నాయా, లేక పిల్లలను దూరపు ఆసుపత్రులకు బస్సులో తిప్పుతున్నారా అన్నది కరపత్రంలో కనబడదు. పనిరోజున అమ్మాయిని వెంటబెట్టుకెళ్లి వార్డులు చూడండి, మూడో సంవత్సరం పిల్లలతో మాట్లాడించండి. అప్పటివరకు తోటకు ఎవరి దగ్గరా బయానా పుచ్చుకోకండి.