ముప్పై ఏళ్లకు ఏడాది జీతమంత ఆస్తి ఉండాలా?

టెక్సాస్‌లోని ఫ్రిస్కోకు వచ్చి రెండేళ్లయిన 29 ఏళ్ల యువకుడొకరు ఈ మధ్య మా ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు, కాస్త మొహమాటపడుతూనే అడిగారు: "అన్నగారూ, ముప్పై ఏళ్లకల్లా ఏడాది జీతమంత కూడబెట్టి ఉండాలంటున్నారు. నా జీతం 1,10,000 డాలర్లు. చేతిలో ఉన్నది మాత్రం అప్పే. నేను వెనకబడినట్టేనా?" కొత్తగా వచ్చినవారు చాలామంది ఈ మాటే అడుగుతున్నారు కనుక ఆయనకు చెప్పిన జవాబును కొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

ఆయన విన్న లెక్క ఫిడెలిటీ అనే అమెరికా పెట్టుబడుల సంస్థ చెప్పేది. 30 ఏళ్లకు జీతానికి ఒక రెట్టు, 40కి మూడు రెట్లు, 50కి ఆరు, 60కి ఎనిమిది, 67కి పది రెట్లు ఉండాలంటుంది. అయితే అది పదవీ విరమణ కోసం దాచిన సొమ్ము గురించిన లెక్కే కాని, ఇల్లూ వాకిలీ కలిపి, అప్పులు తీసేయగా మిగిలే నికర ఆస్తి గురించినది కాదు. పైగా 25వ ఏట నుంచి ఏటా జీతంలో నూటికి 15 వంతులు దాస్తూ వచ్చినవారిని దృష్టిలో పెట్టుకుని వేసినది. మనవాళ్లలో ఎక్కువమంది ఆ వయసుకు ఎమ్మెస్ కోసం బ్యాంకు అప్పు కాగితాల మీద నాన్నగారి చేత హామీ సంతకం పెట్టిస్తూ ఉంటారు.

వయసును జీతంతో హెచ్చవేసి పదితో భాగించే మరో పాత సూత్రం కూడా ఉంది. దాని ప్రకారం ఈయనకు ఇప్పటికే 3,19,000 డాలర్లు ఉండాలి. రేపు ఉద్యోగం మారి జీతం 1,40,000 అయితే, జేబులో రూపాయి తేడా రాకుండానే ఆ అంకె 4,06,000కు ఎగబాకుతుంది. జీతం పెరిగిన రోజునే మనిషిని పేదవాణ్ణి చేసే ఈ సూత్రం, ముప్పై, నలభై ఏళ్లు ఇక్కడే సంపాదించినవారికి పనికొస్తుందేమో కాని, నిన్నగాక మొన్న విమానం దిగినవారికి పనికిరాదు.

సగటుల సంగతీ అంతే. ఫెడరల్ రిజర్వ్ 2022 సర్వేలో అమెరికన్ కుటుంబాల సగటు నికర ఆస్తి పది లక్షల డాలర్లు దాటింది. అదే కుటుంబాలను ఆస్తి వరుసలో నిలబెట్టి సరిగ్గా నడిమధ్యనున్నవారిని చూస్తే దాదాపు 1,93,000. కుటుంబ పెద్దకు 35 ఏళ్లు నిండని ఇళ్లలో ఆ నడిమి అంకె 39,000 దగ్గరే ఉంది.

కాబట్టి నా సలహా ఏమిటంటే, పుట్టిన సంవత్సరం నుంచి కాక, ఇక్కడ మొదటి జీతం అందిన నెల నుంచి లెక్క మొదలుపెట్టండి. ఈయన ఉద్యోగంలో చేరేనాటికి 52,000 డాలర్ల అప్పుతో ఉన్నారు. ఇప్పుడు అప్పు 18,000, పదవీ విరమణ కోసం ఉద్యోగం ద్వారా దాచే 401కె ఖాతాలో 14,000, అంటే నికరంగా నాలుగు వేల లోటు. రెండేళ్లలో సంపాదించిన 2,20,000లో 48,000 మిగిల్చారన్నమాట, నూటికి దాదాపు 22 వంతులు. నన్నడిగితే ఇది వెనకబడటం కాదు.

ఆస్తి వైపు ఏం రాసుకోవాలన్న దగ్గరే మనం ఎక్కువగా పొరబడతాం. శంషాబాద్ వైపు ఉన్న నా ప్లాటుకు ఏజెంటు ఫోనులో చెప్పిన 22 లక్షలను నేను ఏళ్ల తరబడి పుస్తకంలో వేసుకున్నాను. అమ్మబోతే పద్నాలుగు నెలలు పట్టింది, వచ్చింది 15 లక్షలు. అందులోనూ అమ్మేది ఎన్నారై కనుక కొన్నవారు ముందే పన్ను కోసి కట్టారు. ఊళ్లో పొలం మీ పేరు మీదికి వచ్చేదాకా మీది కాదు. వెస్ట్ కాని, అంటే ఇస్తామన్నా గడువు నిండక ఇంకా మీ సొంతం కాని కంపెనీ షేర్లు కూడా అంతే, ఉద్యోగం పోతే అవీ పోతాయి. 401కెలో కనిపించే మొత్తాన్ని కూడా పూర్తిగా నమ్మకండి. 59న్నర ఏళ్లకు ముందు తీస్తే సాధారణంగా పన్నుతో పాటు పది శాతం జరిమానా ఉంటుంది.

తిరిగి వెళ్లే ఆలోచన ఉన్నవారికి ఇంకో చిక్కు ఉంది. పై రెట్లన్నీ అమెరికా ప్రభుత్వమిచ్చే సోషల్ సెక్యూరిటీ పింఛను వస్తుందన్న భరోసా మీద వేసినవి. దానికి 40 క్రెడిట్లు, అంటే కనీసం పదేళ్ల పని కావాలి. భారతదేశానికి అమెరికాతో ఆ విషయంలో ఒప్పందం లేదు కనుక ఆరేళ్లు పనిచేసి వెళ్లిపోతే, కట్టిన సొమ్ముకు పింఛను రాదు. అలాంటివారికి పది రెట్లు కూడా చాలకపోవచ్చు.

ఎలాగూ ఖాతాలన్నీ ఒకచోట రాస్తున్నారు కనుక, ఇండియా ఖాతాల్లోని మొత్తం ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటిందేమో చూసుకోండి. దాటితే ఎఫ్‌బార్, అంటే విదేశీ ఖాతాల వివరాలను అమెరికా ప్రభుత్వానికి తెలిపే పత్రం, దాఖలు చేయాలి.

ఆయన అప్పుకు వడ్డీ నూటికి 11. కంపెనీ జత కలిపే మేరకు 401కెలో వేసి, తక్కినదంతా ఆ అప్పుకే పంపమన్నాను. అలా చేస్తే వచ్చే జనవరికి ఆయన నికర ఆస్తి సున్నా దాటుతుంది.